యూనివర్సిటీ పోర్టల్‌లోకి ఇంటి నుంచి వెళ్ళలేకపోతున్నాను, ఓటీపీ వేరే ఎవరి నంబరుకో పోతోంది

సిరిమల్లె_34 | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను సత్తుపల్లి దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. దూరవిద్యలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సూపర్‌వైజర్ పోస్టులు పడే నాటికి డిగ్రీ చేతిలో ఉండాలని నా పట్టుదల. యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎవరి మీదా ఫిర్యాదు కాదు, దారి తెలిస్తే చాలు.

పరీక్ష ఫీజుకి ఈ నెలాఖరు వరకే గడువు. ఆ తర్వాత లేట్ ఫీ. ఇప్పటిదాకా అన్నీ మండల కేంద్రంలో ఒక నెట్ సెంటర్‌లో చేయించుకున్నాను. అడ్మిషన్ ఆ అబ్బాయే చేశాడు, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చాడు. ఈసారి వెళ్తే ఆ షాపు ఎత్తేశారు. అబ్బాయి హైదరాబాద్ వెళ్ళిపోయాడని పక్క కిరాణా వాళ్ళు చెప్పారు.

ఇంటి దగ్గర ఫోన్‌లోనే ప్రయత్నిస్తున్నాను. చీటీలో ఉన్న పాస్‌వర్డ్ కొడితే "ఇన్‌వాలిడ్ క్రెడెన్షియల్స్" అని వస్తోంది. ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కితే, చివర 47 ఉన్న నంబరుకి ఓటీపీ పంపామంటోంది. అది నా నంబరు కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. మెయిల్ ఐడీ కూడా నాది కాదు. స్టడీ సెంటర్ ఖమ్మంలో ఉంది. వెళ్ళి రావాలంటే ఒక రోజు సెలవు పెట్టాలి, అంగన్‌వాడీలో పిల్లలకి వండి పెట్టడానికి ఆయా ఒక్కతే ఉంటుంది. ఇంటి నుంచే ఏదైనా చేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:05

కంగారు పడకండి అక్కా, గడువు ఇంకా ఉంది. నంబరు సంగతి తర్వాత చూద్దాం, ముందు పాస్‌వర్డ్ నిజంగానే తప్పా అన్నది తేల్చుకుందాం. ఫోన్‌లో కొట్టేటప్పుడు కొన్ని చిన్న విషయాలే తిప్పలు పెడతాయి.

చాలా ఫోన్లలో కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్ద అక్షరంగా మార్చేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టె పక్కన కన్ను బొమ్మ ఉంటే నొక్కి, ఏం పడిందో కళ్ళతో చూడండి. ఎవరైనా వాట్సాప్‌లో పంపితే కాపీ చేసి పేస్ట్ చేస్తాం కదా, అప్పుడు చివర ఒక ఖాళీ కూడా వచ్చి పడుతుంది, అది కనపడదు. చేత్తో రాసిన చీటీ అయితే సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటి అంకెకీ చిన్న ఎల్‌కీ తేడా పట్టుకోవడం కష్టం. రెండు రకాలుగానూ కొట్టి చూడండి, కానీ వరసపెట్టి కొట్టకండి. చాలా పోర్టళ్ళు కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత అకౌంట్‌ని తాత్కాలికంగా ఆపేస్తాయి.

ఇంకొకటి, బ్రౌజర్ పాత పాస్‌వర్డ్‌ని గుర్తుపెట్టుకుని దాన్నే నింపేస్తూ ఉండొచ్చు. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి, అందులో ప్రయత్నించండి.

సిరిమల్లె_34 | సోమవారం, రాత్రి 10:31

ఇన్‌కాగ్నిటోలో కూడా చూశాను తమ్ముడూ, అదే మాట. కన్ను బొమ్మ నొక్కి చూస్తే సరిగ్గానే పడుతోంది. పుట్టిన తేదీ పెడితే యూజర్ ఐడీ చూపిస్తుందని ఇంకో లింక్ ఉంది. అందులో క్యాలెండర్ తెరుచుకుంటుంది, ఈ ఏడాది నుంచి ఒక్కో నెల వెనక్కి జరుపుకుంటూ 1991 దాకా వెళ్ళాలి. సగంలో పేజీ గడువు అయిపోయిందని మళ్ళీ మొదటికి తెస్తోంది.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:38

క్యాలెండర్ పైన నెల పేరు పక్కన సంవత్సరం ఉంటుంది, దాని మీద వేలు పెట్టండి. సంవత్సరాల జాబితా వస్తుంది, అందులో 1991 ఎంచుకుంటే బాణం గుర్తు పని లేదు. ఒకవేళ నేరుగా టైప్ చేయనిస్తే రోజు ముందా నెల ముందా అన్నది పెట్టెలో లేత రంగులో రాసి ఉంటుంది, అది చూసుకోండి.

సిరిమల్లె_34 | సోమవారం, రాత్రి 10:55

సంవత్సరం నొక్కితే వచ్చింది! యూజర్ ఐడీ సరైనదే అని తేలింది. అంటే పాస్‌వర్డే మార్చేసి ఉంటాడు. ఇక ఆ 47 నంబరే మిగిలింది.

రాజంపేట_తండ్రి | మంగళవారం, ఉదయం 6:50

అమ్మా, ఆ నెట్ సెంటర్ చీటీ మీదో రసీదు మీదో ఆ అబ్బాయి నంబరు ఉంటుంది. ఫోన్ చేసి ఓటీపీ వచ్చిందేమో చెప్పమంటే అయిపోతుంది కదా. మా అమ్మాయి డిగ్రీ అడ్మిషన్‌కి మేమూ అలాగే చేశాం.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 8:15

పెద్దవారు, కాదంటున్నానని ఏమీ అనుకోవద్దు. ఆ నంబరు ఇంకా ఆ అబ్బాయి దగ్గరే ఉందని ఎలా తెలుస్తుంది? ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు అసలు వాడకపోతే, అందులో బ్యాలెన్స్ కూడా లేకపోతే, కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఆపేసిన నంబరుని కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత కొత్త వాళ్ళకి ఇచ్చేస్తారు. మన ఓటీపీ ఇప్పుడు ఏ ఊళ్ళో ఎవరి ఫోన్‌కి పోతోందో చెప్పలేం. ఎవరో తెలియని మనిషికి ఫోన్ చేసి, మీకొచ్చిన ఓటీపీ నాకు చెప్పండి అంటే వాళ్ళు మనల్నే సైబర్ మోసగాళ్ళనుకుంటారు. అనుకోవాలి కూడా.

రాజంపేట_తండ్రి | మంగళవారం, ఉదయం 8:40

అది నిజమే బాబూ. ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

మండలం_నెట్‌సెంటర్ | మంగళవారం, ఉదయం 11:20

నేను ప్రకాశం జిల్లాలో నెట్ సెంటర్ నడుపుతాను. ఆ అబ్బాయి తరఫున మాట్లాడటం లేదు, కానీ మా వైపు ఎలా జరుగుతుందో చెప్తే అందరికీ పనికొస్తుంది.

అడ్మిషన్ల ఆఖరి రోజున గదిలో కాలు పెట్టే చోటు ఉండదు. వచ్చిన వాళ్ళలో కొందరికి ఫోన్ ఇంటి దగ్గర ఉంటుంది, కొందరి ఫోన్ భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. మెయిల్ ఐడీ లేని వాళ్ళే ఎక్కువ. ఫారంలో మెయిల్ తప్పనిసరి. అప్పుడు సెంటర్ వాడు తన మెయిల్, తన నంబరు పెట్టేస్తాడు. పని త్వరగా అవుతుంది. కొందరు కావాలనే పెడతారు, ప్రతి ఫీజుకీ మళ్ళీ తన దగ్గరికే రావాలని. అది తప్పు, మా వృత్తిలో ఉన్నవాడిగా గట్టిగా చెప్తున్నాను.

నా దగ్గర ఎవరొచ్చినా ముందు మెయిల్ ఐడీ తయారు చేసిస్తాను. దానికి పది నిమిషాలు పడుతుంది, డబ్బులు తీసుకోను. నంబరు వాళ్ళదే పెట్టిస్తాను. ఫోన్ లేకపోతే తెచ్చుకోమని పంపిస్తాను. కోపం వచ్చి పక్క షాపుకి పోయిన వాళ్ళున్నారు, పర్వాలేదు. సెంటర్ మనిషి ఫారం నింపేటప్పుడు మీరు పక్కన నిలబడి స్క్రీన్ చూడండి. మొబైల్ నంబరు, మెయిల్ గళ్ళలో ఏం పడుతోందో చదవమని అడగండి. అడిగితే చిరాకు పడే సెంటర్‌కి మళ్ళీ వెళ్ళకండి.

ఫైల్_నంబర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నేను ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెక్షన్‌లో పని చేస్తాను. ఏ యూనివర్సిటీ అన్నది వద్దు. ఇలాంటి కేసులు ఫీజు నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ మా ముందుకు వస్తాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది, మీ పాస్‌వర్డ్ మాకు కనపడదు. సరిగ్గా కట్టిన సిస్టమ్‌లో అది చదవడానికి వీల్లేని రూపంలో దాస్తారు. మేము మార్చగలం తప్ప చూసి చెప్పలేం. అందుకని ఫోన్ చేసి "నా పాస్‌వర్డ్ ఏమిటో చెప్పండి" అని అడిగినా లాభం లేదు. మీకు కావలసింది పాస్‌వర్డ్ కాదు, మొబైల్ నంబరు, మెయిల్ మార్పు. ఆ మాటే అడగండి.

ఫోన్‌లో అడిగితే మార్చరు. ఎందుకంటే ఫోన్‌లో మాట్లాడుతున్నది మీరేనని మాకు రుజువు ఉండదు. వేరే వాళ్ళు మీ పేరు చెప్పి నంబరు మార్పించుకుంటే పరీక్ష కేంద్రం మార్చొచ్చు, సర్టిఫికెట్‌కి అప్లై చేయొచ్చు, చిరునామా మార్చొచ్చు. విసుగనిపించినా ఆ నిబంధన విద్యార్థిని కాపాడటానికే ఉంది.

మీరు చేయాల్సింది: ఒక తెల్లకాగితం మీద మీ చేత్తో దరఖాస్తు రాయండి. అడ్మిషన్ నంబరు, కోర్సు, ఏ సంవత్సరం బ్యాచ్, స్టడీ సెంటర్ పేరు, పదో తరగతి మెమోలో ఉన్నట్టుగా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పోర్టల్‌లో ఉన్న పాత నంబరు చివరి అంకెలు, పెట్టాల్సిన కొత్త నంబరు, కొత్త మెయిల్. కారణం రెండు వాక్యాల్లో చాలు. కింద సంతకం, అడ్మిషన్ నాడు చేసినట్టే ఉండాలి. దానికి యూనివర్సిటీ గుర్తింపు కార్డు, పదో తరగతి మెమో, అడ్మిషన్ ఫీజు రసీదు జత చేయండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సంస్థ సైట్‌లో దొరుకుతుంది.

ఇవన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా చేయండి. ఫొటోలు విడివిడిగా పంపితే మా దగ్గర ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి తెరుచుకోదు, ఫైల్ పక్కన పడుతుంది. మెయిల్ మీ సొంత ఐడీ నుంచే పంపాలి, అంటే పోర్టల్‌లో పెట్టమంటున్న ఆ ఐడీ నుంచే. సబ్జెక్ట్ లైన్‌లో అడ్మిషన్ నంబరు మొదట రాయండి. స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌కి కూడా కాపీ పెట్టండి. వాళ్ళ నుంచి "ఈ విద్యార్థిని మా దగ్గరే ఉంది" అని ఒక్క లైన్ వస్తే మా పని సగం అయిపోతుంది.

దరఖాస్తులో ఫీజు గడువు తేదీ తప్పక రాయండి. రాయకపోతే వరసలో వెళ్తుంది.

సిరిమల్లె_34 | మంగళవారం, రాత్రి 8:25

సార్, చాలా ధన్యవాదాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు రాసేశాను. ఒక్క అనుమానం. పదో తరగతి మెమోలో మా పుట్టింటి ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంది. ఆధార్‌లో పెళ్ళయ్యాక మా ఆయన ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు తర్వాత ఉంది. రెండూ చూస్తే ఇద్దరు మనుషుల్లా ఉంటాం. దీని వల్ల ఇబ్బంది అవుతుందా?

ఫైల్_నంబర్ | మంగళవారం, రాత్రి 9:30

నంబరు మార్పు వరకు ఇబ్బంది ఉండదమ్మా. మా రికార్డు అంతా పదో తరగతి మెమో ప్రకారమే ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో కలిస్తే చాలు. దరఖాస్తులో "ఆధార్‌లో పెళ్ళి తర్వాతి ఇంటిపేరు ఉంది" అని ఒక వాక్యం చేర్చండి.

అసలు ఇబ్బంది ఏబీసీ ఐడీ దగ్గర వస్తుంది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని యూజీసీ 2021లో తెచ్చింది. మీ మార్కుల క్రెడిట్లు ఒక ఖాతాలో జమ అవుతాయి, 12 అంకెల నంబరు ఉంటుంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు పరీక్ష ఫారంలోనే ఆ నంబరు అడుగుతున్నాయి. దాన్ని డిజీలాకర్, అంటే సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ ద్వారా తీసుకుంటారు, డిజీలాకర్ పేరుని ఆధార్ నుంచి తీసుకుంటుంది. అక్కడ ఒక పేరు, మా దగ్గర ఒక పేరు ఉంటే క్రెడిట్లు మీ ఖాతాలోకి ఎక్కకుండా ఆగిపోవచ్చు. మన తెలుగువాళ్ళలో ఇది చాలా ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, ఫారాల్లో గళ్ళేమో పేరు ముందు, ఇంటిపేరు తర్వాత. ఆడపిల్లల విషయంలో పెళ్ళి తర్వాత మార్పు ఇంకోటి కలుస్తుంది.

ఈ పరీక్షలు అయ్యాక తీరిగ్గా ఆధార్‌లో పేరుని మెమోకి దగ్గరగా మార్పించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు, అందుకని అక్షరం అక్షరం చూసుకుని చేయండి.

పాత_కౌన్సెలర్ | బుధవారం, ఉదయం 7:10

సిరిమల్లె గారూ, మీ మొదటి పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను స్టడీ సెంటర్‌లో చాలా ఏళ్ళు ఆదివారం తరగతులు చెప్పాను. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. తర్వాత దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. కాలేజీకి రాలేని వాళ్ళ దగ్గరికి చదువు వెళ్ళాలన్నది దాని ఉద్దేశం. ఆర్టీసీ కండక్టర్లు, నర్సులు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, కానిస్టేబుళ్ళు నా ముందు బెంచీల మీద కూర్చున్నారు. అప్పుడు పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ఫీజు డీడీ తీసి పంపేవాళ్ళం. పోస్టు ఆలస్యమైతే అడగడానికి పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు, మనకి తెలిసిన మనిషి.

ఇప్పుడు పోర్టల్ రావడం మంచిదే, నేను వ్యతిరేకిని కాను. ఇంట్లో కూర్చుని ఫలితాలు చూసుకోవడం చిన్న విషయం కాదు. కానీ లోపలికి వెళ్ళలేని విద్యార్థి ఎవరిని అడగాలన్నది లాగిన్ పేజీ మీదే తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. కాలేజీకి రాలేని వాళ్ళ కోసం పెట్టిన చదువులో, లాగిన్ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి రమ్మనడం నాకు బాధగా ఉంది. యూనివర్సిటీల్లో పని చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పై వాళ్ళ దృష్టికి తీసుకెళ్ళండి.

ధ్వనిబాట | బుధవారం, మధ్యాహ్నం 12:45

పాత కౌన్సెలర్ గారి మాటకి నా వంతు కలుపుతున్నాను. నాకు చూపు లేదు. విశాఖలో పీజీ చేస్తున్నాను. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు వాడతాను, ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ. అన్ని గళ్ళూ నేనే నింపుకోగలను, పాస్‌వర్డ్ నేనే కొట్టుకోగలను. ఆఖరున క్యాప్చా దగ్గర ఆగిపోతాను. అది వంకర అక్షరాల బొమ్మ. ఎన్‌వీడీఏ దాన్ని "గ్రాఫిక్" అని మాత్రమే చదువుతుంది. పక్కన స్పీకర్ గుర్తు, అంటే వినిపించే క్యాప్చా, మా పోర్టల్‌లో లేదు.

మా చెల్లికి వీడియో కాల్ చేసి ఫోన్‌ని స్క్రీన్ ముందు పెడతాను. తను చదివే లోపు క్యాప్చా మారిపోతుంది. తను కాలేజీలో ఉంటే సాయంత్రం దాకా ఆగాలి. నా మార్కులు నేను ఒంటరిగా చూసుకోవాలని ఉంటుంది, అందరిలాగే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎలక్ట్రానిక్ సేవలు మాకు అందుబాటులో ఉండాలని ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అది ఈ-కేవైసీ, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ గురించి వేసిన కేసు. తీర్పు వచ్చాక మా యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఫైల్ నంబర్ సార్, మీలాంటి సెక్షన్‌కి ఎలా రాస్తే పని అవుతుంది?

ఫైల్_నంబర్ | బుధవారం, సాయంత్రం 6:20

తమ్ముడూ, మామూలు హెల్ప్ మెయిల్‌కి రాస్తే అది లాగిన్ ఫిర్యాదుల కుప్పలో కలిసిపోతుంది. వికలాంగ విద్యార్థుల కోసం ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉంటుంది, దాని కోఆర్డినేటర్ పేరున రాయండి, రిజిస్ట్రార్‌కి కాపీ పెట్టండి. "వినిపించే క్యాప్చా పెట్టండి, అది అయ్యేదాకా క్యాప్చా బదులు మొబైల్ ఓటీపీతో లోపలికి పంపండి" అని రెండూ అడగండి. రెండోది చేయడం సులువు, ఎందుకంటే ఓటీపీ పంపే ఏర్పాటు ముందే ఉంటుంది. నువ్వు రాసిన ఆ "గ్రాఫిక్" సంగతి అలాగే రాయి. ఎన్‌వీడీఏ చదివేది రికార్డు చేసి జత చేస్తే ఇంకా మంచిది. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒక్కసారి వింటే వెంటనే అర్థమవుతుంది. అయినా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేసే హక్కు ఆ చట్టమే ఇచ్చింది.

ధ్వనిబాట | బుధవారం, రాత్రి 7:05

రికార్డింగ్ ఆలోచన చాలా బాగుంది సార్. ఈ రాత్రికే చేస్తాను.

డల్లాస్_గుంటూరు | గురువారం, ఉదయం 5:30

ఇది అమెరికాలో చదివే మన పిల్లలకి కూడా పనికొచ్చే చర్చ. నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తూ సెలవులకి గుంటూరు వచ్చాను. మా పోర్టల్‌కి పాస్‌వర్డ్ తర్వాత డ్యువో అప్రూవల్ కావాలి, అంటే లాగిన్ అవుతున్నది మనమేనని ఫోన్‌లో రెండోసారి ఒప్పుకోవాలి. నా రూమ్మేట్ డ్యువోని ఫోన్ కాల్ పద్ధతిలో అమెరికా నంబరుకి పెట్టుకున్నాడు. ఇక్కడికి వచ్చాక ఆ సిమ్ పనిచేయలేదు, కోర్సు రిజిస్ట్రేషన్ రోజు ఇరుక్కున్నాడు.

బయల్దేరే ముందే డ్యువో యాప్ ఫోన్‌లో వేసుకుని, రెండో పరికరం కూడా కలుపుకోండి. యాప్‌లో పాస్‌కోడ్ అనేది ఉంటుంది, దానికి సిమ్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. కోడ్ ఫోన్‌లోనే తయారవుతుంది. ఫోన్ మార్చే ముందు పాతది రీసెట్ చేయకండి, కొత్తదాంట్లో పనిచేస్తోందని చూసుకున్నాకే చేయండి. అంతా పోతే యూనివర్సిటీ ఐటీ హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేస్తే, మీరెవరో నిర్ధారించుకుని తాత్కాలిక బైపాస్ కోడ్ ఇస్తారు. టైమ్ కూడా చూసుకోవాలి. చలికాలంలో టెక్సాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. వాళ్ళ ఆఫీసు తెరిచేసరికి మనకి రాత్రి భోజనాల వేళ.

థీసిస్_తిప్పలు | గురువారం, ఉదయం 10:15

పీహెచ్‌డీ వాళ్ళ కోసం ఒక మాట. పోర్టల్‌లోకి ఇంటి నుంచి వెళ్ళగలిగినా, లైబ్రరీ జర్నళ్ళు ఇంటి నుంచి తెరుచుకోవు. మన లాగిన్‌లో తప్పేం లేదు. క్యాంపస్ నెట్‌వర్క్ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) చూసి జర్నల్ సైటు లోపలికి పంపుతుంది, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ని గుర్తుపట్టదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటికీ వేల జర్నళ్ళు వచ్చాయి. ఇంటి నుంచి చదవాలంటే యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్ళ ఇన్‌ఫెడ్ అనే లాగిన్ అకౌంట్ కావాలి. మీ లైబ్రేరియన్ గారిని అడిగితే తయారు చేసిస్తారు. జర్నల్ సైట్‌లో "ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్" నొక్కి మీ యూనివర్సిటీ పేరు ఎంచుకుంటే సరిపోతుంది.

వేదిక_నిర్వాహకురాలు | గురువారం, ఉదయం 11:00

ఒక కొత్త సభ్యుడు "పోర్టల్ పాస్‌వర్డ్ రీసెట్ చేసిస్తాం, వాట్సాప్ చేయండి" అని పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ ఎవరూ యూజర్ ఐడీలు, అడ్మిషన్ నంబర్లు రాయవద్దు. గూగుల్‌లో వెతికితే మొదట కనపడేది ప్రకటన కావచ్చు, అచ్చం పోర్టల్‌లాగే ఉండే దొంగ పేజీ కావచ్చు. అడ్రస్ చివర డాట్ ఏసీ డాట్ ఇన్ ఉందా చూసుకోండి. ఆ పేరుని ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ విద్యా సంస్థలకే ఇస్తుంది. కొన్ని యూనివర్సిటీల పోర్టళ్ళు వేరే అడ్రస్‌లో ఉంటాయి, అప్పుడు యూనివర్సిటీ సొంత సైట్‌లో ఉన్న లింక్ నొక్కే వెళ్ళండి. ఎవరికైనా డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేస్తే డబ్బు వెనక్కి రావడం కష్టం.

సిరిమల్లె_34 | శనివారం, సాయంత్రం 5:50

నంబరు మారింది! మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టాక ఫోన్ చూస్తే మెసేజ్ ఉంది. కోఆర్డినేటర్ మేడమ్ నిన్ననే ఒక లైన్ రాసి పంపారట. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. పాస్‌వర్డ్ నేనే పెట్టుకున్నాను. లోపలికి వెళ్ళి నా ఫొటో, నా మార్కులు మొదటిసారి నా ఫోన్‌లో చూసుకున్నాను. ఇన్నాళ్ళూ అవి ఆ షాపు స్క్రీన్ మీదే చూశాను. మా ఆయాని కూడా పిలిచి చూపించాను.

కానీ ఫీజు కడితే డబ్బు కట్ అయింది, పోర్టల్‌లో "పెండింగ్" అని ఉంది. మళ్ళీ కట్టనా?

మండలం_నెట్‌సెంటర్ | శనివారం, సాయంత్రం 6:02

కట్టకండి అక్కా, ఆగండి! ముందు యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబరు, స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోర్టల్‌లో "చెక్ పేమెంట్ స్టేటస్" లాంటి బటన్ ఉంటే రాత్రికి ఒకసారి నొక్కండి. ఆఖరి తేదీల్లో బ్యాంకు నుంచి కబురు ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు దానంతటదే సరైపోతుంది.

కృష్ణాతీరం | శనివారం, సాయంత్రం 6:20

అవతలి వైపుకి చేరకపోతే రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఐదు రోజుల్లోపు డబ్బు మీ ఖాతాకి తిరిగి రావాలి. 2019 నుంచి ఉన్న నిబంధన ఇది. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం కూడా ఇవ్వాలి. మీకు గడువు ఇంకా ఉంది కాబట్టి రెండు రోజులు చూడొచ్చు. గడువుకి ముందు రోజు కూడా పెండింగ్‌లోనే ఉంటే మళ్ళీ కట్టేయండి, మొదటిది తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు. పరీక్ష పోతే మాత్రం తెచ్చుకోలేం.

సిరిమల్లె_34 | ఆదివారం, ఉదయం 9:15

రాత్రి స్టేటస్ నొక్కితే "సక్సెస్" అని వచ్చింది. రసీదు పీడీఎఫ్ దాచుకున్నాను, నా మెయిల్‌కి కూడా పంపుకున్నాను. మా సెక్టార్‌లో ఇంకో ఇద్దరు టీచర్లు అదే షాపులో అడ్మిషన్ చేయించుకున్నారు. వాళ్ళ నంబర్లు కూడా అలాగే ఉన్నాయి. మంగళవారం మీటింగ్‌కి వచ్చినప్పుడు ఇద్దరి చేతా దరఖాస్తు రాయిస్తాను. మెయిల్ ఐడీలు ఈరోజే చేయించాను.

రాజంపేట_తండ్రి | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మా అమ్మాయి అకౌంట్ తెరిచి చూశాం. నంబరు నాదే ఉంది, మెయిల్ మాత్రం నెట్ సెంటర్ వాళ్ళది. ప్రొఫైల్‌లో మార్చే వీలుంది, ఓటీపీ నాకొచ్చింది, మార్చేశాం. ఇక నుంచి నంబరు కూడా అమ్మాయిదే పెడతాను. చదువు తనది.

సిరిమల్లె_34 | తర్వాతి నెల, బుధవారం, రాత్రి 8:40

మళ్ళీ ఒక సహాయం. హాల్ టికెట్లు పెట్టారు. డౌన్‌లోడ్ నొక్కితే ఏమీ జరగడం లేదు, తెల్ల పేజీ వచ్చి పోతోంది.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 8:52

హాల్ టికెట్ కొత్త కిటికీలో తెరుచుకుంటుంది, క్రోమ్ దాన్ని అడ్డుకుంటోంది. మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, పాప్-అప్స్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పోర్టల్‌లోకి మళ్ళీ రండి. అప్పటికీ రాకపోతే మూడు చుక్కల్లోనే "డెస్క్‌టాప్ సైట్" టిక్ పెట్టండి.

సిరిమల్లె_34 | బుధవారం, రాత్రి 9:10

పాప్-అప్స్ ఆన్ చేయగానే వచ్చింది తమ్ముడూ. ఫొటో, సంతకం సరిగ్గా ఉన్నాయి. సెంటర్ ఖమ్మంలోనే వేశారు. మిగతా ఇద్దరివీ డౌన్‌లోడ్ అయ్యాయి, ముగ్గురం ఒకే బస్సుకి వెళ్తాం.